గృహరక్షణ: హిజ్లీ, ఖరగ్‌పూర్

హిజ్లీ పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, ఖరగ్‌పూర్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న ప్రాంతం. ఎర్రమట్టి నేల, అక్కడక్కడా మిగిలిన సాల వృక్షాలు, ఒక రైల్వే స్టేషను, సుమారు 2,100 ఎకరాల ఐఐటీ ఆవరణ, దాని చుట్టూ ప్రేమ్‌బజార్ లాంటి అంగడి వీధులు, సొంత ఇళ్ల కాలనీలు, కొంత దూరాన రైల్వే క్వార్టర్ల బారులు. ఈ ఊరు తెలుగువాళ్లకు పరాయిది కాదు. తూర్పు తీర రైలు మార్గంలో వాల్తేరు నుంచి కటకం వైపు సాగే భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ రైల్వే వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో వెలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు ఆ దారినే అక్కడికి చేరి తరతరాలుగా స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు దృష్టిలో ఉన్నది ముఖ్యంగా ఈ ఖరగ్‌పూర్ జనాభాయే. దొంగల నుంచి, ఆక్రమణదారుల నుంచి ఇంటిని కాపాడుకోవడం అన్న విషయాన్ని ఇలాంటి ఊరిని ముందు పెట్టుకొని చూస్తే, మామూలుగా తాళాల దుకాణం దగ్గర తేలని కొన్ని సంగతులు తేలతాయి.

ఇంటి భద్రత అనగానే మాట తాళాల మీదికి, గోడల ఎత్తు మీదికి పోతుంది. అసలు చూడవలసింది ఇల్లు ఎప్పుడు, ఎంతసేపు ఖాళీగా ఉంటుంది, ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది, ఏదైనా అలికిడైతే పలికేవాళ్లు ఎవరు అన్నది. అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ 1979లో ఈ దారిలోనే ఆలోచించారు. దొంగిలించాలనుకునే మనిషి, దొంగిలించదగ్గ వస్తువు, అడ్డుపడగలవాడు లేకపోవడం అనే మూడూ ఒకచోట, ఒక సమయంలో కలిసినప్పుడే దొంగతనం జరుగుతుందన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో జనం ఆదాయాలు పెరుగుతున్నా ఇళ్ల దొంగతనాలు ఎందుకు పెరిగాయన్న ప్రశ్నకు వాళ్లిచ్చిన జవాబు చాలా సాదాది. ఆడా మగా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లడంతో పగటిపూట ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఇంట్లోని విలువైన వస్తువులు తేలికై, చంకన పెట్టుకుపోవడానికి వీలైనవి అయ్యాయి. రైల్వే పట్టణానికి ఈ లెక్క ఇంకా బాగా సరిపోతుంది. వర్క్‌షాపులో షిఫ్టులు మారుతుంటాయి. లోకో పైలట్లు, గార్డులు డ్యూటీ ఎక్కితే ఏ రాత్రికి ఇల్లు చేరతారో రోస్టరే చెప్పాలి. ఆ రోస్టరు గుట్టుగా ఉండేదీ కాదు, టీ కొట్టు దగ్గర నలుగురికీ తెలిసేదే. ఇక సంక్రాంతికీ, వేసవి సెలవులకూ ఊరెళ్లే తెలుగు కుటుంబాల ఇళ్లు వారాల తరబడి మూసే ఉంటాయి. ఐఐటీ ఆవరణ కూడా సెలవుల్లో అదే తీరుగా బోసిపోతుంది. ఊరంతా ఒకే క్యాలెండరు ప్రకారం ఖాళీ అయ్యే చోట దొంగ పెద్దగా ఆరా తీయనక్కర్లేదు.

తలుపులు, తాళాలు

చట్టాన్ని రాసినవాళ్లు కూడా దొంగను ముందుగా దారుల పరంగానే ఊహించుకున్నారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 445వ సెక్షను ఇంటికి కన్నం వేయడం అంటే ఏమిటో చెప్తూ ఇచ్చిన ఉదాహరణలు ఇప్పటికీ చదవదగ్గవి. గోడకు కన్నం వేసి అందులో చెయ్యి దూర్చినవాడు, కిటికీలోంచి దూరినవాడు, తలుపుకున్న బెజ్జంలోంచి తీగ పోనిచ్చి గడియ పైకెత్తినవాడు, ఇంటాయన పారేసుకున్న తాళంచెవి దొరికితే దాంతోనే తలుపు తీసినవాడు, గుమ్మంలో నిలబడ్డ ఇంటాయనను పడదోసి లోపలికి పోయినవాడు, కాపలావాణ్ని కొడతానని బెదిరించి దాటిపోయినవాడు. అందరూ ఒకే నేరం చేసినట్టే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ నిర్వచనాన్ని 330వ సెక్షనులో దాదాపు అలాగే ఉంచింది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపల దొంగతనం కోసం ఇంటికి కన్నం వేస్తే 331వ సెక్షను కింద 14 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. పగలు చేస్తే గరిష్ఠం పదేళ్లు. అదే పని రాత్రి చేస్తే ఎందుకు ఎక్కువ పాపం? చీకట్లో చూసేవాళ్లు ఉండరు, లోపలివాళ్లు నిద్రలో ఉంటారు. అంటే శిక్షను కొలిచేటప్పుడు చట్టం కూడా గోడ గట్టిదనాన్ని వదిలేసి, కాపాడేవాళ్ల అందుబాటునే తూకం వేసింది.

కన్నానికి మన సాహిత్యంలో పాత గౌరవమే ఉంది. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటి గోడ ముందు నిలబడి, కాల్చిన ఇటుకలైతే ఊడబెరకాలి, పచ్చి ఇటుకలైతే కొయ్యాలి, మట్టిగోడైతే తడపాలి, కర్రైతే చీల్చాలి అని శాస్త్రం వల్లిస్తాడు. కన్నానికి ఏడు ఆకారాలు చెప్పి చివరికి పూర్ణకుంభం ఎంచుకుంటాడు. నవ్వు తెప్పించే సన్నివేశమే గానీ, అందులో ఒక ఎరుక ఉంది. గోడ ఏదైనా దానికొక పద్ధతి ఉంటుంది, కావలసింది తీరిక. తాళాల చరిత్ర కూడా ఇదే చెప్తుంది. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళాన్ని దుకాణం కిటికీలో పెట్టి, తాళంచెవి లేకుండా తీసినవారికి 200 గినీల బహుమతి ప్రకటించింది. దశాబ్దాల పాటు ఎవరి వల్లా కాలేదు. 1851లో అమెరికన్ తాళాల నిపుణుడు ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ దాన్ని తీశాడు. అందుకు 16 రోజుల మీద 51 గంటలు పట్టింది. జనం దీన్ని తాళం ఓటమిగా చెప్పుకున్నారు. నిజానికి 51 గంటలు అడ్డుకున్న తాళం ఏ ఇంటికైనా అవసరానికి మించినదే. ఇంటి దొంగ దగ్గర ఉండేవి నిమిషాలు. అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టాక మన ఇళ్లకూ మంచి తాళాలు అందుబాటులోకి వచ్చాయి. అప్పటినుంచీ తాళం కంటే తాళాన్ని పట్టుకొని ఉన్న చెక్కే బలహీనమైంది.

దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి. పాత క్వార్టర్లలో, చిన్న అద్దె ఇళ్లలో వీధి తలుపుకు బయట ఒక ఇనుప గొళ్ళెం, ద్వారబంధానికి ఒక కొక్కెం, వాటికి తాళం కప్ప ఉంటాయి. కప్ప ఏడు లివర్లదే కావచ్చు. గొళ్ళేన్ని చెక్కకు పట్టి ఉంచేవి మాత్రం బయటికి తలలు కనబడే మూడు నాలుగు చిన్న మరలు. ఎన్నో వానాకాలాలు తడిసి ఉబ్బిన చెక్కలో ఆ మరలకు పట్టుండదు. చిన్న గునపం దూర్చి ఒక్క పెకలింపు పెకలిస్తే తాళం వేసింది వేసినట్టే ఉండి, గొళ్ళెంతో సహా ఊడి చేతికొస్తుంది. మర బదులు తలుపు మందమంతా దూసుకుపోయే బోల్టు వేసి లోపలివైపు నట్టు బిగిస్తే ఆ పని అంత సులువు కాదు. ఖర్చు కొద్దిపాటిది. కిటికీ గ్రిల్లును బయటినుంచి మరలతో బిగించారా, గోడలో పాతారా అన్నది కూడా ఇలాంటిదే. స్నానాల గది వెంటిలేటరు, డాబా మీది తలుపు, పెరటి గుమ్మం అన్నవి వీధి తలుపుకు చేసే ఖర్చులో పదో వంతు కూడా చూడవు. బయటి తాళం కప్పతో ఇంకో చిక్కుంది. లోపల ఎవరూ లేరని వీధికి చెప్పే బోర్డు అది. తలుపులోనే ఇమిడిపోయే తాళమైతే ఇంట్లో మనుషులున్నదీ లేనిదీ బయటికి తెలియదు. తెలుగింటి వాకిలి మరీ చెప్పేస్తుంది. రోజూ పొద్దున్నే కళ్లాపి, ముగ్గు పడే గుమ్మంలో వరుసగా రెండు రోజులు ముగ్గు లేకపోతే, పేపర్లు వరండాలో పోగుపడితే, ఇంటాయన సెలవు చీటీ అంటించినట్టే.

అలాగైతే తాళాలకు డబ్బు పెట్టడం దండగేనా అని అడగవచ్చు. దండగ కాదు, దానికి గట్టి రుజువు నెదర్లాండ్స్ నుంచి ఉంది. 1999 నుంచి ఆ దేశం కొత్తగా కట్టే ఇళ్ల తలుపులు, కిటికీలు కొంతసేపైనా పగలగొట్టడానికి లొంగకుండా ఉండాలని నిర్మాణ నిబంధనల్లో చేర్చింది. బెన్ వోలార్డ్, యాన్ వాన్ అవర్స్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే అలాంటి ఇళ్లలో దొంగతనాలు సుమారు 26 శాతం తగ్గినట్టు తేలింది. ఈ ఫలితం పై వాదనకు ఎదురు పోదు. ఆ నిబంధన అడిగింది తెరవలేని తలుపును కాదు, కొన్ని నిమిషాలు నిలిచే తలుపును. పక్కింట్లో మనుషులున్న వీధిలో ఆ నిమిషాలకు విలువ ఉంది. కిలోమీటరు మేర పిలిస్తే పలికేవాడు లేని చోట అదే తలుపు దొంగకు కాస్త శ్రమ పెంచుతుందంతే. ఇంగ్లండులో రోచ్‌డేల్ పట్టణంలోని కిర్క్‌హోల్ట్ కాలనీలో 1980లలో చేసిన ప్రయత్నం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒకసారి దొంగతనం జరిగిన ఇంట్లోనే మళ్లీ జరిగే అవకాశం ఎక్కువని అక్కడి పరిశోధకులు గమనించారు. ఆ ఇంటికి తలుపులు బాగుచేయించి, లోపల నాణేలు వేసి కరెంటు, గ్యాస్ వాడుకునే మీటర్లు తీసేయించి, చుట్టూ ఉన్న అరడజను ఇళ్లవాళ్లను దాని మీద ఒక కన్నేసి ఉంచమన్నారు. కాలనీలో దొంగతనాలు బాగా పడిపోయాయి. ఊరంతటికీ ఒకే స్థాయి కాపలా పెట్టాలన్న మన అలవాటుకు ఇది మంచి జవాబు. దొంగ ఒకసారి దారి తెలుసుకున్న ఇంటికి ముందు కాపలా కావాలి.

పాత రైల్వే కాలనీల నిర్మాణంలో ఉన్న ఒక లోపం ఇక్కడ చెప్పుకోవాలి. రెండు వరసల క్వార్టర్ల మధ్య, పెరటి గోడల వెనక, పాకీ పని కోసం సన్నని సందు వదిలేవారు. మరుగుదొడ్ల తీరు మారి ఎన్నో ఏళ్లయినా సందులు అలాగే ఉండిపోయాయి. వాటిలోకి ఏ కిటికీ చూడదు, దీపం ఉండదు, గడ్డి మొలుస్తుంది. ముందు వీధిలో వరండాలు, అరుగులు, ఆడుకునే పిల్లలు ఉంటారు. వెనక సందుకు మాత్రం యజమాని లేడు. న్యూయార్క్ వాస్తుశిల్పి ఆస్కార్ న్యూమన్ 1972లో చేసిన వాదన దీనికి అచ్చంగా సరిపోతుంది. ఎవరిదీ కాని చోటును ఎవరూ కాయరు. లివర్‌పూల్‌లో ఇళ్ల వెనక ఇలాంటి సందులకు గేట్లు పెట్టి ఆ వీధివాళ్లకే తాళంచెవులు ఇస్తే ఇళ్ల దొంగతనాలు గణనీయంగా తగ్గాయి. క్వార్టరు మనది కాదు, గేటు మనమెందుకు పెట్టాలి అన్న అభ్యంతరం న్యాయమైనదే. రైల్వే రక్షణ దళం 1957 నాటి చట్టం కింద ప్రధానంగా రైల్వే ఆస్తిని కాపాడడానికి ఏర్పడింది. క్వార్టరు గోడ రైల్వేది, లోపలి బీరువా ఉద్యోగిది. బీరువా పోతే ఫిర్యాదు తీసుకోవలసింది స్థానిక పోలీసులు. ఈ రెంటి మధ్య సందు ఎవరి పద్దులోనూ పడదు. అందువల్ల అక్కడ యూనియన్లో, కాలనీ సంఘాలో పూనుకొని అడగాల్సిన పనుల్లో దీపం, గడ్డి కోత, గేటు ముందు వరసలో ఉండాలి.

కాపలా ఎవరి పక్షం

తాళానికి తర్వాత కాపలా. ఈ ప్రాంతపు చరిత్ర కాపలా గురించి చెప్పేది చాలా ఉంది. తెలుగునాట తలారి, కావలికాడు ఊరికి బాధ్యులు. కావలి వ్యవస్థలో ఊళ్లో సొత్తు పోతే దొంగను పట్టివ్వాలి, లేకుంటే నష్టం కట్టాలి. ఆ పూచీకే ఊరివాళ్లు ధాన్యంలో వాటా ఇచ్చేవారు. దీన్ని ఉత్త బంగారు కాలంగా చూడనక్కర్లేదు. కావలి రుసుము ఇవ్వని ఊళ్ల మీద కావలికాళ్లే పడి దోచిన సందర్భాలు దక్షిణాదిలో ఉన్నాయి. కాపలా, బెదిరింపు ఒకే చేతిలో ఉంటే జరిగేదదే. కంపెనీ ప్రభుత్వం దాన్ని తీసేసి 1816లో గ్రామ పోలీసు పనిని మునసబులకు అప్పగించింది. బెంగాల్‌లో జరిగింది వేరు. 1870 చౌకీదారీ చట్టం కింద గ్రామ కాపలాదారుకు జీతం పన్నుగా ఊరి జనం దగ్గర వసూలు చేశారు, అజమాయిషీ మాత్రం ప్రభుత్వం చేతిలో ఉంచారు. తన జీతం ఇచ్చేవాళ్లకు జవాబుదారీ కాని కాపలాదారును జనం తమవాడిగా అనుకోలేదు. 1919 గ్రామ స్వపరిపాలన చట్టం కింద యూనియన్ బోర్డులు పెట్టి పన్ను పెంచబోతే, 1921లో మేదినీపూర్ జిల్లా కాంథీ ప్రాంతం బీరేంద్రనాథ్ శాస్మల్ నాయకత్వంలో పన్ను కట్టనన్నది. ప్రభుత్వం బోర్డులను వెనక్కి తీసుకుంది. 1930 శాసనోల్లంఘనలో ఈ జిల్లాలో చౌకీదారీ పన్ను నిరాకరణ మళ్లీ సాగింది. ఇంటి కాపలా గురించిన వ్యాసంలో పన్నుల పోరాటం ఎందుకంటే, కాపలాకు బలం ఎంత ఉందన్న దానికంటే అది ఎవరి పక్షాన ఉందన్నది ముందు ప్రశ్న అని ఆ పల్లెవాళ్లు తేల్చారు కాబట్టి.

హిజ్లీకి దీనికి మించిన సాక్ష్యం ఉంది. కొత్త జిల్లా కేంద్రం కోసం కట్టి, ఆ ఆలోచన మానుకున్నాక ఖాళీగా ఉన్న భవనాన్ని 1930లో రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరంగా మార్చారు. ఈ ప్రాంతంలో అంత గట్టిగా కంచె, పహారా ఉన్న ఆవరణ ఇంకొకటి ఉండి ఉండదు. 1931 సెప్టెంబరు 16 రాత్రి ఆ పహారా సిపాయిలే లోపలి నిరాయుధుల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ హిజ్లీ వచ్చారు, రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా నిరసన తెలిపారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే ఆ కాల్పులకు సమర్థన లేదని చెప్పింది. 1951 ఆగస్టు 18న దేశంలో మొదటి ఐఐటీని లాంఛనంగా ప్రారంభించింది ఆ ఆవరణలోనే. నిర్బంధ శిబిరాన్నీ నివాస కాలనీనీ ఒక గాటన కట్టడం అన్యాయమనవచ్చు, నిజమే. శిబిరం కాపలా లోపలివాళ్లను బయటికి పోనివ్వకుండా, కాలనీ కాపలా బయటివాళ్లను లోపలికి రానివ్వకుండా. అయినా గేటు దగ్గర యూనిఫాం ఉంటే చాలు భద్రత వచ్చేసిందనుకునే అలవాటును అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఆ కాపలాదారు ఎవరి మాట వింటాడు, ఎవరికి లెక్క చెప్తాడు? ఏజెన్సీ పంపిన, నెలకో మనిషి మారే, ఏ ఇంట్లో ఎవరుంటారో తెలియని గార్డు రిజిస్టరులో పేర్లు రాయగలడు. పెరటి గోడ దూకుతున్నవాడు ఆ ఇంటి కుర్రాడా, కాదా అన్నది అతనికి తెలియదు. అది ఎదురింటి అవ్వకు తెలుస్తుంది.

ఈ మాటకు ఎదురుగా వచ్చే అభ్యంతరం బలమైనది. తెలిసినవాళ్లే దొంగలకు ఉప్పందిస్తారు, పొరుగును నమ్మి తాళంచెవి ఇస్తే ఇల్లు గుల్ల అవుతుంది అంటారు. అలా జరగకపోదు. అయితే దీనికి విరుగుడు పొరుగును తప్పించడంలో లేదు. ఒక్కరికే అన్నీ తెలిసేలా ఉంచకపోవడంలో ఉంది. తాళంచెవి ఒకరి దగ్గర, ఊరెళ్లిన సంగతి నలుగురికి, నగలు ఎవరింట్లోనూ కాకుండా బ్యాంకు లాకరులో. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 జనవరి 1 నుంచి బ్యాంకు నిర్లక్ష్యం వల్లనో, సిబ్బంది మోసం వల్లనో లాకరులో సొత్తు పోతే ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా బ్యాంకు బాధ్యత వహించాలి. నగల విలువతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాకపోవచ్చు, కానీ పొరుగుమీద పెట్టే పరీక్ష చాలా తేలికవుతుంది.

అనుమానం ఎక్కడ తప్పుతుంది

పొరుగు కాపలాకు అసలు ప్రమాదం వేరే చోట ఉంది. కొత్తవాణ్ని గమనించడం అన్న పని చాలా త్వరగా ఫలానా కులంవాణ్ని, ఫలానా భాషవాణ్ని అనుమానించడంగా మారిపోతుంది. ఈ నేలకు ఆ అనుభవం ఎక్కువ. 1871 నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరంగా రాసింది. మేదినీపూర్ అడవుల్లోని లోధాలు ఆ జాబితాలోకి ఎక్కారు. తెలుగునాట ఎరుకలను అదే ముద్రతో ఒకచోట ఉంచడానికి 1913లో స్టూవర్ట్‌పురం ఏర్పడి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలోకి వెళ్లింది. రాత్రిపూట హాజరు పట్టీ, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్న ఆంక్ష ఆ జీవితంలో భాగం. 1952లో చట్టం రద్దయింది. ముద్ర రద్దు కాలేదు. లోధా శబర సమాజంలో మొదటి మహిళా పట్టభద్రురాలు చునీ కొటాల్ చదువుకునే చోట కూడా నేరస్థ జాతి అన్న నింద వెంటాడితే 1992 ఆగస్టులో ఆత్మహత్య చేసుకుంది. బెంగాల్ మేధావి లోకాన్ని అది కుదిపింది. ఇళ్ల కాపలా గురించి మాట్లాడేటప్పుడు ఈ పేరును పక్కన పెట్టడం కుదరదు.

ఇందులో న్యాయం ప్రశ్న ఎంత ఉందో పనికొచ్చే పద్ధతి ప్రశ్న కూడా అంతే ఉంది. బెంగాలీ, తెలుగు, ఒడియా, హిందీ నాలుగూ వినబడే ఖరగ్‌పూర్ వీధిలో మొహం చూసి, యాస విని బయటివాణ్ని గుర్తించాలంటే సగం ఊరు బయటిదే అవుతుంది. అలాంటి కాపలా దారిన పోయే కూలివాణ్ని ఆపుతుంది, శుభ్రంగా చొక్కా వేసుకొని గ్యాస్ కనెక్షను పేరు చెప్పి వచ్చినవాణ్ని లోపలికి పంపుతుంది. చూడవలసింది మనిషి ఎవరని కాదు, ఏం చేస్తున్నాడని. మూసిన ఇంటి వెనక తలుపు దగ్గర ఏం పని, సామాను ఎత్తుకుపోతున్న బండి ఎవరు పిలిస్తే వచ్చింది అన్నవి ఏ భాషవాణ్నైనా అడగదగ్గ ప్రశ్నలు. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో అమాయకుల్ని కొట్టి చంపిన ఘటనలు ఈమధ్య ఏళ్లలో బెంగాల్‌లోనూ, ఇతర రాష్ట్రాల్లోనూ జరిగాయి. పశ్చిమ బెంగాల్ శాసనసభ 2019 ఆగస్టులో మూకదాడుల నివారణ బిల్లును ఆమోదించింది. న్యాయ సంహిత 103వ సెక్షను, ఐదుగురు లేదా అంతకు మించి కూడి కులం, పుట్టిన ఊరు, భాష లాంటి కారణంతో చంపితే ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం అంటుంది. పరాయి రాష్ట్రంలో ఉంటున్న తెలుగువాళ్లు ఆ జాబితాలోని భాష అన్న మాటను ఒకసారి ఆగి చదువుకోవాలి. రాత్రి గస్తీలో అనుమానితుడు దొరికితే వెలుగులో నిలబెట్టి 112కు ఫోను చేయడంతో ఆ గస్తీ పని అయిపోతుంది.

ఒంటరిగా దొంగకు ఎదురుపడినప్పుడు ఏం చేయవచ్చన్నది కూడా ఇక్కడే చెప్పాలి. చట్టం ఆస్తి రక్షణ హక్కు ఇచ్చింది, దానికి హద్దులూ పెట్టింది. రాత్రివేళ ఇంటికి కన్నం వేస్తున్నవాడి మీద ప్రాణం పోయేంత బలం వాడినా కొన్ని పరిస్థితుల్లో అది నేరం కాదని న్యాయ సంహిత 41వ సెక్షను చెప్తుంది. అయితే అవసరానికి మించిన హాని చేయకూడదని, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదని 37వ సెక్షను అంటుంది. పారిపోతున్నవాణ్ని వెంటాడి కొట్టడం, ప్రహరీ చుట్టూ కరెంటు తీగ పెట్టడం ఈ హద్దుల్లో ఇమడవు. తీగకు దొంగ ఎవరో, బంతి కోసం గోడెక్కిన పిల్లాడు ఎవరో తెలియదు.

కెమెరాలు, మూసిన ఇళ్లు

కెమెరా వచ్చాక పొరుగు అవసరం తీరిపోయిందని చాలామంది నమ్మకం. సీసీటీవీ మీద బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్ తదితరులు చేసిన సమీక్షల్లో కార్ల పార్కింగ్ స్థలాల్లో ఫలితం బాగా కనబడింది. ఎవరో కూర్చొని తెర చూస్తూ, అవసరమైతే మనిషిని పంపే ఏర్పాటు ఉన్నచోట ఫలితం ఇంకా మెరుగు. హిజ్లీ పరిస్థితుల్లో ఇంకో లెక్క కలుపుకోవాలి. చైత్ర వైశాఖాల్లో సాయంత్రంపూట కాలబైశాఖి గాలివాన విరుచుకుపడితే కరెంటు పోతుంది, దాంతో వైఫై పోతుంది. రికార్డు చేసే పెట్టె టీవీ కిందే ఉంటే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. కెమెరా వద్దనడం లేదు. దాని కబురు అందుకొని పరుగెత్తేవాళ్లు లేకపోతే అది జరిగినదానికి సాక్షిగా మిగులుతుంది. ఈ ముడిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు సరిగా పట్టుకున్నారు. లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ అనే పథకంలో ఊరెళ్లే కుటుంబం ముందుగా యాప్‌లో చెప్తే, పోలీసులు ఆ ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెట్టి, అలికిడైతే కంట్రోల్ రూముకు కబురు చేరేలా చేస్తారు. ఇందులో యంత్రం కంటే వెనక ఉన్న ఒప్పుకోలు ముఖ్యం. మూసిన ఇల్లే అసలు సమస్య, కబురు అందాక మనిషి వెళ్లాలి. సంక్రాంతికి వందల ఇళ్లు ఒకేసారి మూతపడే ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లకు ఇది తగిన పథకం. అలాంటిది లేనిచోట ఆ పనిని వీధి చేసుకోవాలి. రోజూ ఎవరో ఒకరు గేటు తీసి పేపరు లోపల పెట్టడం, సాయంత్రం వరండా దీపం వేయడం, వీలైతే వాకిట్లో నాలుగు చుక్కలు పెట్టడం.

ఖాళీ స్థలం

దొంగ ఒక రాత్రిలో చేసేది ఆక్రమణదారు ఏళ్ల మీద చేస్తాడు. రైల్వే ఉద్యోగులు పదవీ విరమణకు ముందు హిజ్లీ చుట్టుపక్కల స్థలం కొని, పిల్లల దగ్గరికో, సొంత జిల్లాకో వెళ్లిపోవడం మామూలే. కంచె లేని స్థలంలో మొదట ఇసుక కుప్ప, తర్వాత రేకుల షెడ్డు, తర్వాత కరెంటు మీటరు వస్తాయి. ప్రైవేటు భూమి మీద హక్కుదారు 12 ఏళ్లలోపు దావా వేయకపోతే 1963 లిమిటేషన్ చట్టం కింద హక్కే పోవచ్చు. బలవంతంగా స్వాధీనం తప్పించినప్పుడు 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను ఒక దగ్గరి దారి చూపిస్తుంది. ఆరు నెలల్లోపు దావా వేస్తే యాజమాన్యం ఎవరిదన్న పెద్ద వివాదంలోకి పోకుండానే స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఊళ్లో లేనివాళ్లకు ఆ ఆరు నెలలు తెలియకుండానే గడిచిపోతాయి. అందుకే ఏటా ఒకసారైనా స్థలం చూసి, తేదీ ఉన్న ఫొటో తీసుకోవడం, పన్ను రసీదు తమ పేరనే ఉంచుకోవడం గోడ కట్టడమంత పని చేస్తాయి. రైల్వే క్వార్టర్లలో, రైల్వే భూముల్లో అనధికారంగా ఉన్నవాళ్ల సంగతి 1971 పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కింద ఎస్టేట్ ఆఫీసరు చూస్తారు. అక్కడ తరతరాలుగా బతుకుతున్న పేదలను దొంగల లెక్కలో కలపడం ఈ విషయంలో తరచు జరిగే అన్యాయం. వాళ్లది ఇల్లు లేని సమస్య.

పోయాక

ఇంత చేసినా దొంగతనం జరగవచ్చు. పగిలిన తలుపు, చెదిరిన బీరువా పోలీసులు వచ్చేదాకా ముట్టుకోకూడదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఏ పోలీసు స్టేషనైనా, పరిధితో పని లేకుండా ఫిర్యాదు తీసుకోవాలి. ఫోను ద్వారానో, ఈమెయిలు ద్వారానో పంపితే మూడు రోజుల్లో సంతకం చేయాలి. శ్రీకాకుళంలో పండగకు వెళ్లి ఉన్నవాళ్లకు ఈ వీలు నిజంగా ఉపయోగం. బీమా ఉన్నవాళ్లు పగలగొట్టిన గుర్తులను ఫొటో తీయించుకోవాలి. బర్గ్లరీ పాలసీలో బలప్రయోగంతో ప్రవేశించి ఉండాలన్న షరతు ఉంటే, ఆ గుర్తు లేని దొంగతనానికి పరిహారం రాదని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. మారు తాళంచెవితో నెమ్మదిగా తలుపు తీసిన దొంగతనం ఇల్లుగలవాడికి ఎంత నష్టమైనా, పాలసీ భాషలో చిక్కులో పడుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్క్ బంగారు నగల మీద ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. కరిగించేస్తే అది మాయమవుతుంది గానీ, కరిగించకముందే నగ పట్టుబడితే తమదేనని రుజువు చేయడానికి ఆ సంఖ్య రాసి ఉన్న కాగితం పనికొస్తుంది. దొరికిన సొత్తు స్టేషను గిడ్డంగిలో ఏళ్ల తరబడి మగ్గకుండా, ఫొటోలూ పంచనామా పూర్తిచేసి త్వరగా యజమానికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మేజిస్ట్రేటు ముందు ఆ దరఖాస్తు పెట్టుకోవడానికి రసీదులు, ఫొటోలు, బరువులతో కూడిన జాబితా కావాలి. అది ఆ బీరువాలో కాకుండా వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లోనో, ఫోనులోనో ఉండాలి.